కంపెనీ వ్యూహం, నష్టభయం: కేసు అధ్యయనంగా సత్యం కంప్యూటర్స్ ఉదంతం

వ్యాససంగ్రహం:
సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఉదంతాన్ని బిజినెస్ స్కూళ్లలో ఎక్కువగా వ్యాపార నైతికత, కార్పొరేట్ పాలన అనే శీర్షికల కింద బోధిస్తారు. దానిని కంపెనీ వ్యూహానికీ నష్టభయానికీ సంబంధించిన కేసుగా చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. 2009 జనవరి 7 నాటి లేఖలోని అంకెలు, మేటాస్ కొనుగోలు ప్రతిపాదన, బోర్డు పాత్ర అనే మూడు అంశాలను నష్టభయంపై వచ్చిన ప్రధాన సిద్ధాంతాలతో కలిపి పరిశీలించి, కేసు అధ్యయన పద్ధతికి ఈ ఉదంతం తెచ్చిపెట్టే చిక్కులను చర్చించడం జరిగింది.

కీలకపదాలు: కేసు అధ్యయనం, వ్యూహం, నష్టభయం, ప్రమోటర్లు, స్వతంత్ర డైరెక్టర్లు, సంస్థాగత శూన్యాలు, సత్యం కంప్యూటర్స్

1. బోధనకు కేసు, పరిశోధనకు కేసు

1908లో ప్రారంభమైన హార్వర్డ్ బిజినెస్ స్కూలు తన బోధనా పద్ధతిని న్యాయ కళాశాల నుంచి తెచ్చుకుంది. 1919లో డీన్‌గా వచ్చిన వాలెస్ డోనమ్ న్యాయశాస్త్రం చదివినవాడు. కోర్టు తీర్పులను ముందు పెట్టుకుని వాదించడం ద్వారా న్యాయం నేర్పినట్లే, కంపెనీ నిర్ణయాలను ముందు పెట్టుకుని వాదించడం ద్వారా వ్యాపారం నేర్పవచ్చునని ఆయన భావించాడు. 1921లో తొలి కేసు వెలువడింది. అయితే ఈ పోలికలో మొదటి నుంచీ ఒక లోపం ఉంది. కోర్టు తీర్పు బహిరంగ పత్రం. కక్షిదారుల అనుమతి లేకుండానే ఎవరైనా దానిని చదవవచ్చు. కంపెనీ లోపలి సమాచారం అలాంటిది కాదు. కంపెనీ తలుపు తీస్తేనే రచయిత లోపలికి వెళ్లగలడు. కంపెనీ సమ్మతిస్తేనే ఆ కేసు అచ్చులోకి వస్తుంది.

బోధన కోసం రాసే కేసు వేరు, పరిశోధన కోసం చేసే కేసు అధ్యయనం వేరు. మొదటిది విద్యార్థిని నిర్ణయం తీసుకోవలసిన స్థితిలో నిలబెడుతుంది. రెండవది ఒక ప్రశ్నకు ఆధారాలతో సమాధానం వెదుకుతుంది. ఆల్ఫ్రెడ్ చాండ్లర్ 1962లో డూపాంట్, జనరల్ మోటార్స్, న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్, సియర్స్ అనే నాలుగు కంపెనీల చరిత్రను లోతుగా పరిశీలించి, వ్యూహం మారినప్పుడు నిర్మాణమూ మారవలసి వస్తుందని ప్రతిపాదించాడు. కొద్దిపాటి కేసుల నుంచి సిద్ధాంతాన్ని ఎలా నిర్మించాలో 1989లో కాథ్లీన్ ఐసెన్‌హార్ట్ ఒక క్రమంలో పెట్టి చూపింది. ఈ రెండు ధారలూ తరగతి గదిలో కలిసిపోతుంటాయి. బోధన కోసం కుదించి రాసిన కథనాన్ని పరిశోధక విద్యార్థులు తమ సిద్ధాంత వ్యాసంలో ఆధారంగా ఉదాహరించడం మామూలు విషయమైపోయింది.

జెర్కర్ డెన్‌రెల్ 2003లో ఇంకొక లోపాన్ని ఎత్తిచూపాడు. నిలిచిన కంపెనీలే పరిశీలకుడి కంటపడతాయి, మునిగినవి జాబితాలోంచి జారిపోతాయి. పెద్ద సాహసం చేసి గెలిచినవారు మాత్రమే కనిపిస్తారు కనుక సాహసమే గెలుపుకు కారణమని అనిపిస్తుంది. అదే సాహసం చేసి కూలినవారి లెక్క ఎవరి దగ్గరా ఉండదు. ఎన్రాన్ 2001లో కూలడానికి ముందు దానిని వినూత్న వ్యూహానికి ఆదర్శంగా చూపిన కేసులు బిజినెస్ స్కూళ్లలో చెలామణిలో ఉన్నాయన్నది ఇక్కడ గుర్తుచేసుకోదగిన సంగతి.

2. నష్టభయం అనే మాట

వాణిజ్యశాస్త్ర పాఠ్యపుస్తకాలు రిస్కును నష్టభయం అంటాయి. మాట అందమైనదే గానీ, అందులో నష్టమూ భయమూ తప్ప లాభానికి చోటు లేదు. వ్యూహ పరిశోధనలో రిస్కు అంటే ఫలితాలలోని హెచ్చుతగ్గు. అది పైకీ పోవచ్చు, కిందికీ పోవచ్చు. ఫ్రాంక్ నైట్ 1921లోనే సంభావ్యతను లెక్కగట్టగలిగిన దానిని రిస్కు అని, లెక్కకు అందని దానిని అనిశ్చితి అని వేరుచేశాడు. లాభం పుట్టేది రెండవ దాని నుంచేనని అతడి వాదం. ఈ వ్యాసంలో నష్టభయం అన్న మాటను ఈ విశాలమైన అర్థంలోనే గ్రహించాలి.

ఎక్కువ లాభం కావాలంటే ఎక్కువ రిస్కు భరించాలన్నది ఆర్థికశాస్త్రం నేర్పే పాఠం. ఎడ్వర్డ్ బోమన్ 1980లో కంపెనీల లెక్కలు పరిశీలించినప్పుడు ఇందుకు భిన్నమైన చిత్రం కనిపించింది. చాలా పరిశ్రమలలో లాభం ఎక్కువగా ఉన్న కంపెనీల ఫలితాలు నిలకడగా ఉన్నాయి, లాభం తక్కువగా ఉన్నవాటి ఫలితాలే ఊగిసలాడుతున్నాయి. దీనికి బోమన్ వైరుధ్యం అని పేరు వచ్చింది. జేమ్స్ మార్చ్, జుర్ షాపిరా 1987లో రాసిన వ్యాసం ఈ వైరుధ్యాన్ని అర్థం చేసుకోవడానికి బాగా ఉపకరిస్తుంది. మేనేజర్లు సంభావ్యతలను లెక్కగట్టి నిర్ణయించరు. తాము చేరవలసిన లక్ష్యరేఖ ఒకటి వారి మనసులో ఉంటుంది. దానికి పైన ఉన్నప్పుడు జాగ్రత్తపడతారు, కింద పడినప్పుడు తెగిస్తారు.

రాబర్ట్ కాప్లన్, అనెట్ మైక్స్ 2012లో కంపెనీలు ఎదుర్కొనే నష్టభయాలను మూడు తరగతులుగా విభజించారు. ఉద్యోగుల అక్రమాలు, పొరపాట్లు వంటివి నివారించదగినవి. వాటికి నియమాలు, తనిఖీలు చాలు. లాభం కోసం కంపెనీ తెలిసి ఎత్తుకునేవి వ్యూహపరమైనవి. వాటిని చర్చల ద్వారా అదుపులో ఉంచుకోవాలి. కంపెనీ చేతిలో లేనివి బాహ్యమైనవి. వాటికి ముందుగా సిద్ధపడి ఉండాలి. బోధనకు ఎంతో అనువైన విభజన ఇది. కాని ఒక తరగతికి చెందిన నష్టభయం మరొక తరగతిలోకి ఎలా జారుతుందో ఇది చెప్పదు. సత్యం ఉదంతం ఆసక్తికరంగా మారేది సరిగ్గా అక్కడే.

3. అంకెలలో కనిపించే వ్యూహం

1987లో హైదరాబాదులో మొదలైన సత్యం కంప్యూటర్స్, 2008 నాటికి టి.సి.ఎస్., ఇన్ఫోసిస్, విప్రోల తరువాత దేశంలో నాలుగవ పెద్ద సాఫ్ట్‌వేర్ ఎగుమతి సంస్థ. దాని షేర్లు 2001 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలోనూ నమోదై ఉన్నాయి. సుమారు 53,000 మంది ఉద్యోగులున్నట్లు కంపెనీ చెప్పుకునేది. 2009 జనవరి 7న చైర్మన్ బి. రామలింగరాజు డైరెక్టర్ల బోర్డుకు రాసిన లేఖ బయటపడింది. 2008 సెప్టెంబరు 30 నాటి బ్యాలెన్స్ షీటులోని నాలుగు అబద్ధాలను ఆ లేఖ వరుసగా పేర్కొంది. పుస్తకాలలో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు లేనే లేవు. రావలసిన వడ్డీగా చూపిన 376 కోట్లు కల్పితం. తాను సమకూర్చిన నిధుల తాలూకు 1,230 కోట్ల అప్పును పుస్తకాలలో చూపలేదు. రావలసిన బాకీలను 490 కోట్లు పెంచి చూపారు. పత్రికలలో విరివిగా వచ్చిన 7,136 కోట్ల అంకె ఈ నాలుగింటి మొత్తమే. కొన్ని కేసులు దానిని దర్యాప్తు సంస్థ విడిగా తేల్చిన మొత్తంగా భావించి వాడుకున్నాయి.

ఈ నాలుగింటికన్నా ఎక్కువ సంగతి ఆ త్రైమాసికపు లెక్కలో ఉంది. కంపెనీ చూపిన ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు, అంటే 24 శాతం. లేఖ ప్రకారం అసలు ఆదాయం 2,112 కోట్లు, అసలు లాభం 61 కోట్లు, అంటే 3 శాతం. ఆదాయంలోని తేడా 588 కోట్లు. లాభంలోని తేడా కూడా 588 కోట్లే. రెండు తేడాలూ ఒకటి కావడం కాకతాళీయం కాదు. లేని ఆదాయాన్ని సంపాదించడానికి జీతాలు ఇవ్వనక్కరలేదు, విమాన టిక్కెట్లు కొననక్కరలేదు. కనుక కల్పిత ఆదాయంలోని ప్రతి రూపాయీ నేరుగా లాభంలోకి దిగుతుంది. ఆ బిల్లు వసూలైనట్లు చూపితే అంతే మొత్తం కల్పిత నగదుగా పేరుకుంటుంది. దానికి మళ్లీ వడ్డీ చూపవలసి వస్తుంది. వడ్డీ చూపితే పన్ను కట్టాలి. కల్పిత ఆదాయానికి నిజంగా అయిన ఖర్చు పన్నే. ఆ పన్ను విషయమై కొత్త యాజమాన్యం ఆదాయపు పన్ను శాఖతో చాలాకాలం వివాదపడవలసి వచ్చింది.

ఈ గతిక్రమం అర్థమైతే, మోసం ఏడాదికేడాది పెరగడానికి అత్యాశను కారణంగా చూపనక్కరలేదని తెలుస్తుంది. నిరుడు చూపిన లాభమే ఈ ఏటి లక్ష్యరేఖ. దానికి తగ్గితే మార్కెటు ప్రశ్నిస్తుంది. తగ్గకుండా చూపాలంటే కిందటిసారికన్నా పెద్ద కల్పన కావాలి. కొద్దిపాటి తేడాగా మొదలైనది కంపెనీ పెరిగేకొద్దీ అదుపు తప్పిందని లేఖ కూడా చెబుతుంది. మార్చ్, షాపిరాలు వర్ణించిన లక్ష్యరేఖ సాధారణంగా కంపెనీ బయట, పోటీదారుల ఫలితాలలో ఉంటుంది. ఇక్కడ కంపెనీ తన లక్ష్యరేఖను తన అబద్ధంతోనే ఏటేటా పైకి జరుపుకుంటూ పోయింది. 24 శాతం అన్నది పరిశ్రమ అగ్రస్థానంలోని సంస్థల పక్కన ఎబ్బెట్టుగా కనిపించని అంకె కావడం కూడా గమనించాలి. అతిగా మెరిసే కంపెనీలనే అనుమానించాలన్న సూత్రం ఇక్కడ పనికిరాలేదు.

పని జరిగిన తీరు కూడా ముఖ్యమే. ఇన్‌వాయిస్‌లు తయారుచేసే కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రత్యేక అధికారం గల లాగిన్‌తో ప్రవేశించి 7,561 నకిలీ ఇన్‌వాయిస్‌లు సృష్టించినట్లు సి.బి.ఐ. దర్యాప్తు తేల్చింది. అవి అమ్మకాల విభాగాలకు కనబడవు, లెక్కలలో మాత్రం చేరతాయి. బ్యాంకు డిపాజిట్లను ధ్రువీకరించే లేఖలను ఆడిటర్లు నేరుగా బ్యాంకులకు పంపి, నేరుగా తెప్పించుకోవాలి. సత్యం విషయంలో ఆ పనిని కంపెనీ యాజమాన్యం చేతికే వదిలేశారని అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2011 నాటి ఉత్తర్వులో తప్పుపట్టింది. కాప్లన్, మైక్స్‌ల విభజనలో ఇది ముమ్మాటికీ నివారించదగిన నష్టభయం. ఒక ధ్రువీకరణ లేఖ సరైన చిరునామాకు వెళ్లి ఉంటే బయటపడేది.

4. మేటాస్ ప్రతిపాదన: రెండు పఠనాలు

2008 డిసెంబరు 16న సత్యం బోర్డు 160 కోట్ల డాలర్లతో ప్రమోటర్ల కుటుంబానికి చెందిన రెండు కంపెనీలను కొనాలని నిర్ణయించింది. మేటాస్ ప్రాపర్టీస్ మొత్తాన్నీ, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్నీ కొనాలన్నది ప్రతిపాదన. సత్యం అనే పేరు ఇంగ్లీషు అక్షరాలను వెనక నుంచి చదివితే మేటాస్ అవుతుందన్నది హైదరాబాదులో అందరికీ తెలిసినదే. అమెరికాలో షేరు ధర దాదాపు 55 శాతం పడిపోయింది. కొన్ని గంటలలోనే ప్రతిపాదనను విరమించుకున్నారు.

మార్కెటు దీనిని చదివిన తీరుకు పరిశోధనా సాహిత్యంలో పేరుంది. ఒకే కుటుంబం చేతిలోని కంపెనీలలో, తమ వాటా తక్కువగా ఉన్నచోటి నుంచి ఎక్కువగా ఉన్నచోటికి సొమ్ము తరలించడాన్ని సొరంగం తవ్వడం అంటారు. భారతీయ వ్యాపార కుటుంబాల విషయంలో దీనిని లెక్కల ద్వారా పసిగట్టే పద్ధతిని మరియాన్ బెర్‌ట్రాండ్, పరస్ మెహతా, సెంథిల్ ములైనాథన్ 2002లో ప్రతిపాదించారు. సత్యంలో ప్రమోటర్ల వాటా అప్పటికి 9 శాతానికి లోపే. మేటాస్ కంపెనీలలో వారిదే పైచేయి. పాఠ్యపుస్తకం నుంచి తీసినట్లున్న ఉదాహరణ ఇది.

మూడు వారాలకు వచ్చిన లేఖ ఇంకొక పఠనాన్ని ముందుకు తెచ్చింది. కల్పిత ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులను నింపడానికి మేటాస్ కొనుగోలు చివరి ప్రయత్నమని అందులో ఉంది. ఈ పఠనం ప్రకారం తరలించడానికి సత్యంలో సొమ్మే లేదు. లేని నగదును ఇచ్చినట్లు చూపి భూములను తెచ్చుకుంటే బ్యాలెన్స్ షీటులోని ఖాళీ నిండుతుంది. మేటాస్‌కు చెల్లింపును తరువాత ఎప్పుడైనా వాయిదాలలో సర్దుకోవచ్చు. అంటే వాటాదారులు దోపిడీ అనుకుని అడ్డుకున్నది, ఈ పఠనంలో, ప్రమోటర్ల ఆస్తితో కంపెనీ గొయ్యిని పూడ్చే ఏర్పాటు అవుతుంది.

రెండు పఠనాలలో ఏది సరైనదో తేల్చే బాధ్యతను చాలా బోధనా కేసులు లేఖకే వదిలేశాయి. అది సరికాదు. భూముల అసలు విలువ, వాటిపై ఉన్న అప్పులు తెలియకుండా ఈ కొనుగోలు సత్యంకు మేలు చేసేదని చెప్పడానికి వీలులేదు. పైగా 2008 చివరినాటికి స్థిరాస్తి ధరలు దిగజారుతున్నాయి. మేటాస్ నాయకత్వంలోని నవభారత్ కన్సార్షియం అదే ఏడాది హైదరాబాదు మెట్రో రైలు కాంట్రాక్టును గెలుచుకుంది. ఇతరులు ప్రభుత్వం నుంచి సాయం కోరుతుండగా, అది 35 ఏళ్లలో తానే ప్రభుత్వానికి 30,311 కోట్లు చెల్లిస్తానన్నది. మెట్రో వెంట వచ్చే భూములపై ఎంత ఆశ పెట్టుకుంటే ఆ లెక్క కుదురుతుందో ఊహించవచ్చు. 2009లో ఆ కాంట్రాక్టు రద్దయింది.

ఇక్కడ మూడు తరగతుల నష్టభయాలూ ఒకదానిలోకి ఒకటి ప్రవహించడం స్పష్టంగా కనిపిస్తుంది. భూముల మీద పందెం వ్యూహపరమైనది. లెక్కల కల్పన నివారించదగినది. ప్రపంచ ఆర్థిక సంక్షోభం బాహ్యమైనది. ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్లు ఈ మూడింటినీ కలిపిన ముడి. షేరు ధర పడగానే అప్పిచ్చినవారు తాకట్టు షేర్లను అమ్మేశారు. ప్రమోటర్ల వాటా కరిగిపోయింది. జెన్సెన్, మెక్లింగ్‌ల 1976 నాటి సిద్ధాంతం ప్రకారం యాజమాన్యపు వాటా తగ్గేకొద్దీ కంపెనీ మేలుపై దాని శ్రద్ధ తగ్గాలి. తాకట్టు ఈ లెక్కను మార్చేస్తుంది. వాటా చిన్నదైనా దాని ధర నిలబెట్టడంపై ప్రమోటరు శ్రద్ధ విపరీతంగా పెరుగుతుంది. ఆనాడు తాకట్టు వివరాలను మార్కెటుకు వెల్లడించాలన్న నియమం లేదు. లేఖ బయటపడిన కొద్ది వారాలకే సెబీ దానిని తప్పనిసరి చేసింది.

5. పేర్లు నింపిన శూన్యం

తరుణ్ ఖన్నా, కృష్ణ పాలెపు 1997లో సంస్థాగత శూన్యాలు అన్న భావనను ప్రతిపాదించారు. వర్ధమాన దేశాలలో నమ్మదగిన ఆడిట్, రేటింగ్, న్యాయవ్యవస్థ వంటి మధ్యవర్తి సంస్థలు బలంగా ఉండవు. ఆ ఖాళీని పెద్ద వ్యాపార కుటుంబాలు తమ పేరుప్రతిష్ఠలతో పూరిస్తాయని వారి వాదం. హార్వర్డ్ బిజినెస్ స్కూలు ఆచార్యుడైన పాలెపు 2003 నుంచి సత్యం బోర్డులో ఉన్నాడు. హైదరాబాదులోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ ఎం. రామ్మోహన్‌రావు కూడా ఆ బోర్డు సభ్యుడే. లేఖ వెలువడిన మరునాడే ఆయన డీన్ పదవికి రాజీనామా చేశాడు.

దీనిని వ్యక్తుల వైఫల్యంగా చెప్పి ముగించే కథనాలు లోతైన ప్రశ్నను వదిలేస్తాయి. బోర్డు సభ్యులకు అందే సమాచారం యాజమాన్యం తయారుచేసిందే. ఆడిటరు సంతకం చేసిన లెక్కను స్వతంత్ర డైరెక్టరు మళ్లీ తవ్వలేడు. డిసెంబరు 16 సమావేశంలో విలువ నిర్ధారణ గురించీ, సంబంధంలేని రంగంలోకి వెళ్లడం గురించీ సభ్యులు ప్రశ్నలు వేశారు. చివరికి అందరూ ఆమోదించారు. అంటే ప్రశ్నించడమన్నది ఆచారంగా మిగిలింది, అడ్డుకట్టగా పనిచేయలేదు. పేరున్నవారు బోర్డులో ఉన్నారని మదుపరులు నమ్మారు. ఆడిటర్లు పేరున్నవారని బోర్డు నమ్మింది. ఆడిటర్లు యాజమాన్యం ఇచ్చిన కాగితాలను నమ్మారు. శూన్యాన్ని ప్రతిష్ఠ పూరించగలదన్న సిద్ధాంతానికి ఇది గట్టి పరీక్ష. ఇక్కడ ప్రతిష్ఠ శూన్యాన్ని పూరించకపోగా దానిని కనబడకుండా చేసింది.

ఈ ప్రతిష్ఠ బోర్డుతో ఆగలేదు. 2008 సెప్టెంబరులో కార్పొరేట్ పాలనకుగాను కంపెనీకి గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. తరువాత వెనక్కి తీసుకున్నారు. రామలింగరాజు 2005లో ప్రారంభించిన 108 అంబులెన్సు సేవ ఎందరో సామాన్యుల ప్రాణాలు కాపాడింది, ఇప్పటికీ కాపాడుతోంది. తెలుగు పాఠకుడికి ఈ కేసును నిర్లిప్తంగా చదవడం కష్టమయ్యేది ఇందుకే.

6. లేఖ ఎంతవరకు ఆధారం?

సత్యంపై రాసిన కేసులలో అత్యధికం ఒకే పత్రంపై నిలబడ్డాయి. అది నేరాన్ని ఒప్పుకుంటున్న వ్యక్తి రాసిన లేఖ. చరిత్రకారుడైతే అలాంటి పత్రాన్ని చేతిలోకి తీసుకున్న వెంటనే అది ఎవరి కోసం, ఏ ప్రయోజనంతో రాసినదని అడుగుతాడు. మేనేజ్‌మెంట్ పరిశోధనలో ఆ అలవాటు ఇంకా బలపడలేదు.

లేఖలోని రెండు అంశాలు ప్రత్యేకంగా పరీక్షించదగినవి. మొదటిది 3 శాతం లాభం. అదే నగరాలలో, అదే జీతాలకు, అదే తరహా ఖాతాదారులకు పనిచేసిన పోటీదారులు 20 శాతానికి పైగా ఆర్జిస్తుండగా సత్యం 3 శాతానికే పరిమితమైందంటే, వ్యూహంలోనో నిర్వహణలోనో పెద్ద తేడా ఉండాలి. ఆ తేడా ఏమిటో లేఖ చెప్పదు. తేడా లేకపోతే, మిగిలిన లాభం ఎక్కడికి పోయిందన్న ప్రశ్న వస్తుంది. రెండవది, తానుగానీ తన కుటుంబంగానీ కంపెనీ నుంచి ఒక్క రూపాయి కూడా తీసుకోలేదన్న మాట. కల్పిత లాభాలతో పెరిగిన ధరకు షేర్లు అమ్మడం, తాకట్టు పెట్టడం ద్వారా అక్రమ లబ్ధి పొందారంటూ 2014 జులైలో సెబీ 1,849 కోట్ల రూపాయలను వడ్డీతో వెనక్కి కట్టమని ఆదేశించింది. ఆ ఉత్తర్వుపై తరువాత అప్పీళ్లు నడిచాయి. లేఖలో తాను సమకూర్చినట్లు చెప్పిన 1,230 కోట్లు తమవేనని 37 కంపెనీలు ముందుకు వచ్చాయి. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక కోర్టు రామలింగరాజుతో సహా పదిమందిని దోషులుగా తేల్చింది. ఆ తీర్పుపైనా అప్పీళ్లు దాఖలయ్యాయి.

కనుక ఈ కేసును వాడే అధ్యాపకుడు లేఖలోని అంకెలను లేఖ ప్రకారం అన్న ముద్రతోనే విద్యార్థి ముందుంచాలి. 588 కోట్ల సమానత్వం వంటి విషయాలు లేఖ నిజాయితీపై ఆధారపడవు. కల్పన ఎలా పనిచేస్తుందో చూపడానికి అవి చాలు. 3 శాతం మాత్రం అలాంటిది కాదు. దానిని పునాదిగా చేసుకుని వ్యూహ వైఫల్యం గురించి సిద్ధాంతం కట్టడం ఇసుకలో స్తంభం పాతడమే.

7. తరువాతి వంద రోజులు

మోసం వెల్లడి కావడంతో చాలా కేసులు ఆగిపోతాయి. వ్యూహ తరగతికి అసలు సామగ్రి అక్కడ మొదలవుతుంది. జనవరి 7న దేశీయ మార్కెటులో షేరు 78 శాతం మేర కూలింది. కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తొలగించి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లను నియమించింది, తరువాత మరో ముగ్గురిని చేర్చింది. కంపెనీకి ప్రభుత్వ నిధులు ఇవ్వలేదు. బ్యాంకుల నుంచి 600 కోట్ల అప్పు సమకూరింది. ఆడిట్ అయిన లెక్కలు లేని కంపెనీని వేలానికి పెట్టారు. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున గెలిచింది. లార్సెన్ అండ్ టూబ్రో ఇవ్వజూపినది 45 రూపాయల 90 పైసలు. సవరించిన లెక్కలు 2010 సెప్టెంబరుకు గానీ రాలేదు. అంటే ఆ వేలంలో పాల్గొన్నవారు కొన్నది బ్యాలెన్స్ షీటును కాదు. ఖాతాదారులు ఇంకా ఎందరు మిగిలారు, ఇంజనీర్లు ఎందరు నిలుస్తారు, అమెరికా దావాలకు ఎంత చెల్లించాలి అన్న అంచనాలకు వారు ధర కట్టారు. నైట్ చెప్పిన అనిశ్చితికి ధర కట్టడమంటే ఏమిటో ఇంత సూటిగా చూపే భారతీయ ఉదాహరణలు ఎక్కువ లేవు.

2013 నాటి కంపెనీల చట్టం ఆడిటర్ల మార్పిడిని తప్పనిసరి చేసింది, వాటాదారులు కలిసి దావా వేసే హక్కునిచ్చింది, ఆడిటర్లపై పర్యవేక్షణకు జాతీయ స్థాయి సంస్థకు చోటు కల్పించింది. ఆ సంస్థ 2018లో ఏర్పడింది. అదే చట్టంలోని 134వ సెక్షను ప్రకారం, కంపెనీ మనుగడకే ముప్పు తేగల నష్టభయాలను బోర్డు తన నివేదికలో పేర్కొనాలి. ఏవి అలాంటివో నిర్ణయించే పని మాత్రం బోర్డు అభిప్రాయానికే వదిలింది. చట్టం వచ్చాక వెలువడిన ఈ నివేదికలను, తరువాత కష్టాలలో పడిన కంపెనీల చరిత్రతో పక్కపక్కన పెట్టి చదివే పని తెలుగు రాష్ట్రాల వాణిజ్య, మేనేజ్‌మెంట్ విభాగాలలోని పరిశోధకుల చేతికి అందుబాటులోనే ఉంది. ఈ నివేదికలు బహిరంగ పత్రాలు. వాటిని చదవడానికి ఏ కంపెనీ అనుమతీ అక్కరలేదు.